నాలుగు లెక్కల మౌనం

మొన్న బుధవారం రాజమండ్రిలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో కూర్చుని, కొత్తగా వచ్చిన పుస్తకాలకు నంబర్లు వేస్తున్నాను. పక్కనున్న ఆఫీసు గదిలో టీవీ నడుస్తోంది. వార్తల్లో ఉక్రెయిన్. ఏ ఊరో తెలియదు. కరెంటు లేని ఒక నేలమాళిగలో, బరువైన కోట్లు తొడుక్కున్న ఓ పాతికమంది ఆడా మగా చిన్న దీపాలు పట్టుకుని నిలబడి పాడుతున్నారు. పట్టుమని పది క్షణాలు విన్నానో లేదో, అటెండరు గారు ఛానల్ మార్చి క్రికెట్ పెట్టేశారు. అది నేను అంతకుముందు విన్న పాట కాదు. అయినా ఆ కాసేపట్లోనే నా చెవి పై గొంతులను వదిలేసి, వాటి కింద తలవంచుకుని నడిచే గొంతును వెతుక్కుంటూ పోయింది. ఆ తర్వాత నాకు పని సాగలేదు. ఒకే నంబరు రెండు పుస్తకాలకు వేశాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పి రెండు ముద్దలు తిని మూసేశాను. హాస్టల్‌కి వచ్చి డైరీలో తేదీ వేశాను గానీ, కింద ఏం రాయాలో తోచక కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతూ ఉండిపోయాను. గదిలో నాతో ఉండే అమ్మాయి, పన్ను నొప్పా అని అడిగింది. పన్ను నొప్పి కాదు, మా పెదనాన్న గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే ఒకచోట కూర్చోవడం కష్టం. ఆయనా ఏనాడూ కుదురుగా కూర్చున్న మనిషి కాదు.

మా ఊరు తణుకు నుంచి ఆటోలో అరగంట. చెరకు ఆడే రోజుల్లో గాలి ఇటు తిరిగితే పంచదార ఫ్యాక్టరీ తీపివాసన మా పెరటి దాకా వస్తుంది. కాలువ గట్టు మీద మా లూథరన్ గుడి, గుడికి ఎదురుగా పెదనాన్న ఇల్లు. మా నాన్నకు అన్నగారు. మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు గానీ ఆయన ప్రాణమంతా గుడిలో పాటలు పాడే క్వయర్ మీదే. ఆయన చెయ్యి ఎప్పుడూ దేనిమీదో ఒకదాని మీద తాళం లెక్క కొడుతూ ఉండేది. భోజనం బల్ల, సైకిల్ హ్యాండిల్, కుర్చీ చెయ్యి, ఏవీ లేకపోతే పక్కనున్నవాళ్ల మోకాలు. ఒకసారి కాకినాడ బస్సులో ముక్కూ మొహం తెలియని ఆయన మోకాలి మీద కొట్టి తిట్లు తిన్నారని పెద్దమ్మ చెప్పేది. ఐసు బండి అతను గంట అడ్డదిడ్డంగా కొడుతున్నాడని ఆపి, సరిగ్గా కొట్టడం నేర్పారు. ఆ ఎండాకాలమంతా ఐసు బండి మా వీధి మొహం చూడలేదు. ఒక పెళ్ళిలో పాట అయిపోయేలోపు పెళ్ళికూతురు నడిచి వచ్చేసిందని, వెనక్కి వెళ్లి మళ్లీ రమ్మన్నారు. ఆ పెళ్ళికూతురు మా అమ్మ. క్వయర్‌లో ఆయనది ఒకటే చట్టం. తప్పు పాడినవాళ్లు లేచి నిలబడి, "తప్పు నాది" అని గట్టిగా చెప్పి, మళ్లీ పాడాలి. క్రిస్మస్ ప్రాక్టీసుకి సరదాగా వచ్చిన పాస్టరు గారు కూడా ఒకసారి లేచి నిలబడ్డారు.

ఆయన నేర్పిన పాటలన్నిటిలోనూ ఒకటి వేరు. ఆయన కుర్రతనంలో, మా ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఒక దొరసాని గారు తన దేశం వెళ్లిపోతూ, సంగీతం కాగితాలున్న ట్రంకుపెట్టె ఒకటి ఆయనకు ఇచ్చి వెళ్లారట. తెరిచి చూస్తే ముప్పాతిక చెదలు తినేశాయి. మిగిలినవాటిలో ఈ కాగితం ఒకటి. ఒకవైపు ఐదు గీతల మీద స్వరాలు, ఒకటే వరస. పై మూల చెదలు కొరికేశాయి. రెండోవైపు ఆ పాట కట్టినాయన గురించి ఇంగ్లీషులో ఒక పేరా. ఆయనది ఉక్రెయిన్ అనీ, ఇది పోయినవాళ్లను తలుచుకుని పాడే పాట అనీ అందులో ఉంది. పెదనాన్న ఆ వరసను సోల్ఫాలోకి మార్చుకున్నారు. గీతలు చదవడం రానివాళ్లు కూడా పాడుకునేలా స్వరాలను డ ర మ ఫ అని అక్షరాల్లో రాసుకోవడమే సోల్ఫా. మాటలు ఆయనే తెలుగులో కట్టారు. ఆ పాటలో ఒక విచిత్రం ఉంది. ప్రతి చరణం చివర నాలుగు లెక్కలు ఎవరూ పాడకూడదు. కాగితంలో అక్కడ ఆగమనే గుర్తు ఉంది. మూడు చరణాలు, మూడు మౌనాలు. పాట కట్టడం చాలామందికి వస్తుంది గానీ, పాట మధ్యలో మనిషి చేత నోరు మూయించడం ఈయనకే వచ్చిందని పెదనాన్న మురిసిపోయేవారు.

వెనకవైపు పేరా ఆయనకు కంఠతా వచ్చు. ఏటా ఈస్టరు ప్రాక్టీసు మొదలుపెట్టే రోజున అందర్నీ చాపల మీద కూర్చోబెట్టి, తాను మాత్రం అటూ ఇటూ నడుస్తూ ఆ స్వరకర్త కథ చెప్పేవారు. గోధుమ పొలాల మధ్య ఒక పల్లె. తండ్రి గుడిలో గంట కొట్టే మనిషి. కొడుకు బడిపంతులయ్యాడు. బడి వదిలాక పొలాలకు వెళ్లి, కోతలు కోసే ఆడవాళ్లు పాడే పాటలు రాసుకునేవాడు. వాటిని పదిమంది కలిసి పాడేలా మలిచేవాడు. కట్టిన పాటను అక్కడితో వదలకుండా ఏళ్ల తరబడి దిద్దుతూనే ఉండేవాడు. నడివయసు రాకుండానే పోయాడు. 'ఆయన మరణానంతరం ఆయన పాటలు' అన్న దగ్గర పేరా తెగిపోయేది. తర్వాతి కాగితం చెదల పాలైంది. ఆ పాటలు ఏమయ్యాయో అని పెదనాన్న నలభై ఏళ్లు కొట్టుకున్నారు. ఒక ఏడాది ప్రపంచమంతా పాడుకుంటోందని చెప్పేవారు. ఇంకో ఏడాది అన్నీ మట్టి కొట్టుకుపోయాయనీ, మన ఊరే మిగిలిందనీ చెప్పేవారు. ఆ పేరు పలకడం ఎవరికీ నోరు తిరగదు కాబట్టి ఊళ్లో అందరికీ ఆయన 'ఉక్రెయినాయన'. పక్క వీధిలో ఉండి ఇల్లు మారిపోయిన మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడుకునేవాళ్లం. మా ఇళ్లకు పాలు పోసే మామ్మ ఒకసారి, ఆయనకు పెళ్ళాం పిల్లలున్నారా అని పెదనాన్నను అడిగింది. తెలియదన్నారు. "ఇన్నేళ్లు ఆయన పాట పాడుకుంటా ఆమాత్రం కనుక్కోలేదేంటండి మాస్టారూ" అని చీవాట్లు పెట్టి, పాలు కొలిచిపోసి వెళ్లింది. తర్వాతెప్పుడో యుద్ధం వార్తలు వచ్చినప్పుడు గుడిలో ప్రార్థన మనవులు అడిగితే ముందు లేచింది ఈ పాలమామ్మే. మాస్టారి పాటాయన ఊరివాళ్ల కోసం అంది.

ఈస్టరు నాడు తెల్లవారుతుండగా మా సంఘమంతా కాలువ పక్కనున్న సమాధుల దగ్గరికి వెళ్తుంది. ముందు రోజే సున్నం వేసి కాగితంపూలు పెట్టి ఉంచుతారు. కొవ్వొత్తులు వెలిగించి పాడే పాట ఇదే. ఎవరినైనా పూడ్చేటప్పుడూ ఇదే. ఆ నాలుగు లెక్కల్లో ఏం చేయాలో పెదనాన్న చెప్పలేదు, నోరు మూసుకోమన్నారు, అంతే. మిగతాది జనమే కనిపెట్టుకున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆ మౌనంలో ఎవరి మనిషి పేరు వాళ్లు మనసులో చెప్పుకోవడం అలవాటైంది. మూడు మౌనాలకు మూడు పేర్లు. పోయినవాళ్లు ఎక్కువున్న ఇళ్లలో ముందే పంపకాలు జరిగేవి, ఈ ఏడు తాతయ్య పేరు నువ్వు చెప్పు, చిన్నత్త పేరు నేను చెబుతాను అని. చంటిపిల్లలు కూడా ఆ నాలుగు లెక్కలూ ఏడుపు ఆపేవాళ్లంటే మీరు నమ్మరు, నేనూ నమ్మేదాన్ని కాదు చూసి ఉండకపోతే. పాలమామ్మ మాత్రం మూడు చోట్లా ఒకే పేరు చెప్పుకునేది. చెరకు లోడు ట్రాక్టరు మీదనుంచి పడి పోయిన కొడుకు పేరు. చిన్నప్పుడు నాకు చెప్పుకోవడానికి పోయినవాళ్లెవరూ లేక, చచ్చిపోయిన మా కుక్క పేరు చెప్పుకున్నాను. అది పాపమేమోనని రెండేళ్లు భయపడ్డాను.

క్వయర్‌లో నేను పాడింది తక్కువ, రాసింది ఎక్కువ. నలుగురిలో నోరు విప్పే పిల్లను కాను. ఎవరైనా పేరు అడిగితే అమ్మ కొంగు వెనక నుంచి చెప్పేదాన్ని. పాత క్యాలెండర్ల వెనకవైపు స్కెచ్ పెన్నుతో సోల్ఫా అక్షరాలు పెద్దవిగా రాసిస్తే, పెదనాన్న వాటిని గుడి గోడకు మేకులకి తగిలించేవారు. నా దస్తూరీ బాగుందని ఆయన ఏనాడూ అనలేదు, వేరేవాళ్ల చేత రాయించలేదు, అంతే. నాకు లైబ్రరీలో ఉద్యోగం వచ్చిన ఏడాదే ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. కాకినాడ డాక్టరు గారు మెట్లు ఎక్కొద్దనీ, గట్టిగా పాడొద్దనీ, కోపం తెచ్చుకోవద్దనీ చెప్పారు. మూడోది కుదరదని పెద్దమ్మ అక్కడే చెప్పేసింది. ఇంటికి వచ్చాక ఆయన నన్ను పిలిచి ఆ కాగితం చేతిలో పెట్టారు.

"నీ దగ్గర పుస్తకాలూ కంప్యూటర్లూ ఉన్నాయి కదమ్మా. వాళ్లు ఈ పాట ఎలా పాడతారో ఒక్కసారి వినిపించు. నేను నేర్పింది దాని పక్కన పెడితే ఎన్ని మార్కులొస్తాయో చూసుకుని పోతాను."

వెతకడానికి నాకు ఆరు వారాలు పట్టింది. చివరికి ఆయన పేరు ఆ దేశపు లిపిలో ఎలా ఉంటుందో పట్టుకుని వెతికితే, పోయినవాళ్ల కోసం ఆయన కట్టిన పాట దొరికింది. ఒక శనివారం లైబ్రరీలో ఎవరూ లేనప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఇది వేరే పాటేమో అనుకున్నాను. పైన ఎప్పుడూ వినని రాగం ఒకటి, చేల మీద కొంగల బారులా సాగిపోతోంది. కింద మగ గొంతులు. మా పాట ఎక్కడా లేదు. రెండోసారి విన్నాను. మూడోసారికి దొరికింది. మధ్యలో, పై గొంతుకు ఆసరాగా, రెండు మూడు స్వరాల మధ్యే నడుస్తున్న ఆల్టో, అంటే ఆడవాళ్ల రెండో గొంతు. మేము నలభై ఏళ్లుగా పాట అనుకుని పాడింది దాన్ని. నాలుగు గొంతులకూ నాలుగు విడి కాగితాలు వేశారు, ట్రంకుపెట్టెలో మిగిలింది ఒకటి, అది ఏ గొంతుదో చెప్పే మాట చెదలు కొరికిన మూలలో ఉండేది. మరి మా మౌనం? అక్కడ మౌనమే లేదు. ఆల్టో ఊపిరి తీసుకునే ఆ నాలుగు లెక్కల్లోనే పై గొంతు అన్నిటికన్నా ఎత్తుకు ఎక్కుతోంది, మగ గొంతులు దానికి బదులు చెబుతున్నాయి. పాటకంతటికీ ప్రాణమైన చోట మేము నోరు మూసుకుని నిలబడ్డాం.

ఆ తర్వాత మూడు వారాల్లో చెప్పినన్ని అబద్ధాలు నేను నా జన్మలో చెప్పలేదు. దొరకలేదన్నాను. దొరికింది గానీ తెరుచుకోవడం లేదన్నాను. ఫోన్ రింగైతే పెదనాన్నేమోనని బోర్లించి పెట్టేసేదాన్ని. శనివారం ఊరికి వెళ్లే బస్సు ఎక్కి, నిడదవోలులో దిగిపోయి వెనక్కి వచ్చేశాను ఒకసారి. చెబితే ఆయన జీవితమంతా తప్పని చెప్పినట్టు. చెప్పకపోతే ఆయన అడిగిన ఒక్క కోరికా తీర్చనట్టు. నాలుగో శనివారం వెళ్లక తప్పలేదు. పెరట్లో తోటకూర కోస్తున్న పెద్దమ్మ నా మొహం చూసి కత్తి పక్కన పెట్టి, ఏంటో చెప్పమంది. చెప్పాను. ఆమె మళ్లీ కత్తి అందుకుంది.

"చెప్పకపోతే పోయేదాకా అడుగుతానే ఉంటారు. చెబితే పోయేదాకా అదే పట్టుకుని కూర్చుంటారు. ఎలాగైనా చాకిరీ నాదే. చెప్పెయ్."

అరుగు మీద ఆయన పక్కన కూర్చుని ఫోన్‌లో పెట్టాను. మొదట చెయ్యి అలవాటుగా కుర్చీ మీద లెక్క కొట్టింది. కాసేపటికి ఆగిపోయింది. అయిపోయాక మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ. నాలుగోసారి, డాక్టరు గారి మాట పక్కన పెట్టి, తన వరస తాను సన్నగా పాడుతూ విన్నారు. తాను ఆగాల్సిన చోట ఆగారు. పై గొంతు లేచింది. పందిరి మీద పిట్టేదో వాలితే చూసినట్టు తలెత్తి చూశారు. "ఎంత బావుంది" అన్నారు, నాతో కాదు. ఆయన కళ్లు చూడలేక చెదలు తినేసిన మిగతా పేరా, వెతికేటప్పుడు నేను చదివినది, గబగబా చెప్పడం మొదలుపెట్టాను. ఆ స్వరకర్త పోయాక ఆ దేశంలో ప్రభుత్వం మారింది, ఆయన పాటలు పాడకూడదన్నారు, కాగితాలు కాల్చేశారు. ఆయన దగ్గర పాడినవాళ్లలో ఒక్కొక్కరికీ తమ గొంతు వరస మాత్రమే గుర్తుంది. ఏళ్ల తర్వాత వాళ్లంతా ఒకచోట కూర్చుని, ఎవరికి గుర్తున్నది వాళ్లు పాడి, పాటలను మళ్లీ అతికారు. అలా మిగిలాయి. మనమూ ఒక వరస కాపాడినట్టే కదా పెదనాన్నా అన్నాను. నేను ఆయనతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

"వాళ్లు గుర్తున్నది దాచుకున్నారు. నేను, ఉన్నది ఇంతే అనుకున్నాను. రెండూ ఒకటి కాదమ్మా" అన్నారాయన.

మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రకటనలు చదివే సమయానికి ఆయన లేచి ముందుకు వెళ్లారు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. నలభై ఏళ్లుగా మీకు పాటలో నాలుగో వంతే నేర్పాను, తప్పు నాది, అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం ఊళ్లో ఎవరికీ అలవాటు లేదు. చాలామందికి సంగతేంటో అర్థం కాలేదు. వెనక బెంచీలోంచి ఎవరో, "అయితే ఇంకా మూడు పాటలు నేర్చుకోవాలా అండి?" అని అడిగారు. గుడంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఈ ఈస్టరుకే మొత్తం పాడాలన్నారు. ఆరు వారాలుంది.

ఆ ఆరు వారాలూ ఆయనకు నిలకడ లేదు, ఎవర్నీ నిలవనివ్వలేదు. దాళ్వా, అంటే రెండో పంట కోతల రోజులు. ఆడవాళ్లు పొద్దంతా చేలో వంగి, జుట్టులో గడ్డిపరకలతోనే సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు. పై గొంతు పట్టుకున్న అమ్మాయిలు ఎత్తుకు వెళ్లేసరికి జారిపోయేవాళ్లు, మగవాళ్లకి నిద్ర వచ్చేది. కూర్చోమని కుర్చీ తెస్తే ఆయన దాని మీద చెయ్యి పెట్టి నిలబడేవారు. నేను ప్రతి శనివారం వెళ్లి, ఫోన్‌లో విని ఆయన పట్టుకున్న మిగతా మూడు గొంతులకూ మూడు కొత్త క్యాలెండర్లు రాసేదాన్ని, ఆదివారం తిరిగి బస్సెక్కేదాన్ని. ఆ పై గొంతు నా తలలో ఎంతగా తిరిగేదంటే, లైబ్రరీలో పుస్తకం అడగడానికి వచ్చినవాళ్లు రెండుసార్లు అడగాల్సి వచ్చేది. ఆయన ఆ పాట విని తట్టుకున్నారు కదా, ఇక అంతా బాగుంటుందని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఈస్టరు నాడు పొద్దున్నే, సున్నం వాసన మధ్య, పాడారు. గొప్పగా పాడారు. పై గొంతు ఒక్కచోట కూడా జారలేదు. మొదటి చరణం చివర అది పైకి లేచినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. పెదనాన్న చేతులు, ఆ వయసులో, గాలిలో తేలుతున్నట్టున్నాయి. అయితే నేను జనంలో నిలబడి ఉన్నాను కాబట్టి నాకొకటి కనిపించింది. ఆ చోటు రాగానే పెద్దవాళ్లంతా అలవాటుగా తలలు వంచారు, పాట వినిపించగానే తడబడి తలలెత్తారు. రెండో చరణం దగ్గర మళ్లీ వంచారు, మళ్లీ ఎత్తారు. మూడోసారి ఎవరూ వంచలేదు. అయిపోయాక అందరూ వచ్చి మాస్టారి చేతులు పట్టుకున్నారు. పాలమామ్మ అందరూ వెళ్లేదాకా ఆగి, అప్పుడు వచ్చింది.

"పాట చాలా బావుందండి మాస్టారూ. మరి మావోడి పేరు ఎక్కడ చెప్పుకోవాలండి? మూడు చోట్లా ఎవరో ఒకరు పాడేస్తన్నారు."

అందులో దెప్పు లేదు. దారి అడిగినట్టే అడిగింది. ఏ ప్రశ్నకైనా జవాబు నాలిక చివర ఉండే మా పెదనాన్న సమాధి మీద వెలుగుతున్న కొవ్వొత్తితో, ఆమె చేతిలో ఆరిపోయినదాన్ని మళ్లీ వెలిగించారు. చూస్తానమ్మా అన్నారు చివరికి.

ఆయన ఆ చూడటం రెండు నెలలు చూశారు. పెద్దమ్మ ఫోన్ చేసి, మనిషి తినడం లేదనీ, కాగితాలు ముందు పెట్టుకుని ఎర్ర పెన్సిల్‌తో గీయడం, రబ్బరు పెట్టి తుడవడం, మళ్లీ గీయడమే పని అనీ చెప్పింది. వెళ్లి చూశాను. తుడిచి తుడిచి కాగితానికి చిల్లులు పడ్డాయి. ప్రతి చరణంలోనూ పై గొంతు ఎక్కవలసినంత ఎత్తు ఎక్కాక, కిందికి దిగాక, నాలుగు గొంతులకూ నిలువునా ఎర్ర గీత. నాలుగు లెక్కలు అందరూ ఆగాలి. నాకు ఆశ్చర్యం వేసింది. ఒక్క స్వరం ఎవరైనా మారిస్తే లేపి నిలబెట్టే మనిషి. ఆయన రాసినదాంట్లో మనం చెయ్యి పెట్టొచ్చా పెదనాన్నా అని అడిగాను.

"ఆయన బతికినన్నాళ్లూ దిద్దుకుంటానే ఉన్నాడు కదా. ఈ పాలావిడ వెళ్లి అడిగితే ఆయనా దిద్దేవాడనే అనుకుంటున్నాను" అన్నారు. కాగితం నా వైపు జరిపి, "లేకపోతే తిడతాడు. ఆ తిట్లు నేను పడతాన్లే. రాయి" అన్నారు.

రాశాను. ఆ వారం కొత్త క్యాలెండర్లు నాలుగు. వాటిని మేకులకి తగిలించిన రెండు వారాలకు, కాలువలకు నీళ్లు వదిలి నారుమళ్లు పోస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం భోజనం చేసి చేయి కడుక్కుంటూ పెదనాన్న పోయారు. నారు పనుల్లో ప్రాక్టీసుకి ఎవరికీ తీరలేదు, తాను దిద్దిన పాట ఒక్కసారి కూడా ఆయన వినలేదు.

సమాధి దగ్గర బురద, గొడుగులు. క్వయర్ వరసగా నిలబడింది. ఆ పాట చెయ్యి ఊపి పాడించాల్సింది ఎవరో ఎవరికీ తోచలేదు. అందరి చూపులూ తిరిగి తిరిగి నా దగ్గర ఆగాయి, ఎక్కడ ఎంత ఆగాలో రాసింది నేనే కదా. మా అమ్మ వెనక్కి జరగబోయాను, పాతికేళ్లు వచ్చాక కూడా. పెద్దమ్మ ఆ ఏడుపులోనే నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. "రాసినదానివి నువ్వే. నిలబడు."

నిలబడ్డాను. చెయ్యెత్తాను. పాట మొదలైంది. అంతమంది నా చేతి వైపు చూడటం నా జీవితంలో అదే మొదటిసారి, అయినా అది నాకు తెలియనే లేదు. పై గొంతు ఎక్కింది, దిగింది. చెయ్యి ఆపాను. నాలుగు గొంతులూ ఆగాయి. జనమంతా తలలు వంచారు, పాలమామ్మ అందరికన్నా ముందు వంచింది. గొడుగుల మీద చినుకులు. నేను ఆయన పేరు చెప్పుకోబోయాను. రాలేదు. ఆ పేరు క్వయర్ రిజిస్టరులో ఎన్నిసార్లో రాశాను గానీ, పెద్దవాళ్ల పేరు నోటితో అన్నది ఏనాడు? పెదనాన్నా అనుకున్నాను. అది పేరు కాదు, పిలుపు. పిలిచాక బదులు కోసం ఆగాలి. ఆగాను. నాలుగో లెక్క అయిపోయిందని తెలుస్తూనే ఉంది, చెయ్యి లేవలేదు. ఎవరూ పాడలేదు, ఎవరూ దగ్గలేదు, ఎవరూ నన్ను తప్పు పట్టలేదు.

ఆ రోజు ఎంతసేపు ఆగామో మా ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. పది అన్నవాళ్లున్నారు, ఇరవై అన్నవాళ్లున్నారు. పాలమామ్మనడిగితే చాల్లేదంటుంది. మనుషులు వెళ్లిపోయాక మన దగ్గర మిగిలే కాలం అలాంటిదే కాబోలు, దాన్ని కొలవడానికి నాకింకా చెయ్యి తిరగలేదు.